గోడ మీద పదకొండు గీతలు

వంటగది గోడ మీద గీతలు గీసే పని నాది. బావ గోడ పక్కన నిలబడి కుడిచెయ్యి ఎత్తేవాడు. వేలికొస ఎక్కడ ఆగితే అక్కడ పెన్సిలుతో గీత గీసి, పక్కన తేదీ వేసేదాన్ని. పది రోజులకొకటి చొప్పున పదకొండు గీతలయ్యాయి. మొదటిది పొయ్యిగట్టు ఎత్తున ఉంటే, చివరిది డబ్బాల అరను దాటింది.

బావ రంగులు వేసే మేస్త్రీ. పరంజా విరిగి మూడో అంతస్తు నుంచి పడ్డాడు. ప్రాణం దక్కింది, భుజం దక్కలేదు. ఒక ఆపరేషన్‌తో ఎముక అతికింది కానీ, నరం సంగతి చూడాలంటే ఇంకోటి చేయాలన్నారు. అది మా తాహతుకు మించిన పని.

అక్కా నేనూ కాళ్ళరిగేలా తిరిగాం. కార్మిక సంఘం వాళ్ళు ఆసుపత్రికి పొమ్మన్నారు. ఆసుపత్రి వాళ్ళు బీమా ఆఫీసుకి పంపారు. వాళ్ళు మళ్ళీ సంఘం దగ్గరికే పొమ్మన్నారు. చివరికి ఆసుపత్రి మెట్ల కింద చిన్న బల్ల వేసుకుని కూర్చున్న సహాయకేంద్రం ఆవిడ మమ్మల్ని పిలిచింది.

"మీరు ఈ మెట్లెక్కడం ఇది నాలుగోసారి. ముందు కూర్చోండి."

మా కాగితాలన్నీ వరసగా పేర్చి, ఏది ఎక్కడ ఇవ్వాలో ఒక చీటీ మీద రాసిచ్చింది.

"మెడికల్ బోర్డు వైకల్యం నలభై శాతం అని రాస్తే, నెలనెలా భృతి వస్తుంది, బీమా కార్డూ వస్తుంది. రెండో ఆపరేషన్ ఆ కార్డు మీదే చేస్తారు."

"ముప్పైతొమ్మిది రాస్తే?" అంది అక్క.

"అప్పుడు నా మొహం చూడ్డానికి కూడా రానక్కర్లేదమ్మా."

బోర్డుకు వెళ్ళాల్సిన రోజు పొద్దున్నే అక్క బావకు చొక్కా తొడుగుతూ మొదలుపెట్టింది. "చూడండీ, అక్కడ మీ ప్రతాపం చూపించకండి. ఎంత వస్తే అంతే ఎత్తండి."

"నటించమంటావా?"

"నటించొద్దనే చెప్తున్నా."

బావ నావైపు తిరిగి కన్ను గీటాడు. "ఏం మరదలా, గీతలు గీసేదానివి నువ్వు. నువ్వే చెప్పు, మనం బాగుపడుతున్నామా లేదా?"

నేను చీటీ మడతపెట్టుకుంటూ ఊరుకున్నాను. నేను ఊరుకోవడం ఇంట్లో అందరికీ అలవాటే. కానీ నేను గీతలొక్కటే చూడలేదు. నాలుగో గీత నాటి నుంచి బావ మడమలు నేల మీద ఉండడం లేదు. గీత పైకి వెళ్ళేకొద్దీ మడమలూ లేచేవి, నడుము వెనక్కి వంగేది. అక్క మాత్రం వేలికొసనే చూస్తూ ఉండేది.

బోర్డు గది బయట బెంచీలు నిండిపోయి జనం నిలబడి ఉన్నారు. లోపల డాక్టరమ్మ చేతిలో కోణాలు కొలిచే పొడుగాటి ప్లాస్టిక్ పట్టీ ఉంది. ఆమె అలసిపోయి ఉంది. "చెయ్యి ఎత్తండి" అంది.

బావ ఎత్తాడు. పళ్ళు బిగించి, నడుము వంచి, మునివేళ్ళ మీద లేచి, పదకొండో గీత ఎత్తునూ దాటించి ఎత్తాడు. అక్క గోళ్ళు నా మణికట్టులో దిగాయి. డాక్టరమ్మ పట్టీ ఆనించి చూసి, కాగితం వైపు తిరిగి కలం తీసింది.

"డాక్టరమ్మా" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినబడింది. "ఆయన కాళ్ళు చూడండి."

ఆమె చూసింది. బావ మడమలు టక్కున కిందికి దిగాయి. తప్పు దొరికిన పిల్లాడిలా తల దించుకున్నాడు.

"అలవాటమ్మా. పైకప్పు అందకపోతే అలాగే లేస్తాం" అన్నాడు.

డాక్టరమ్మ కలం పక్కన పెట్టింది. స్టూలు తెప్పించి, బావ వీపు గోడకు ఆనేలా కూర్చోబెట్టి, "ఇప్పుడు ఎత్తండి" అంది.

ఆ చెయ్యి ఒడిలోంచి లేవడానికి ఎంతసేపు పట్టిందో. మెడనరాలు ఉబ్బాయి. చెమట చెవి వెనక నుంచి కారి కాలర్‌లోకి దిగింది. చెయ్యి ఒణుకుతూ ఒణుకుతూ రొమ్ము దాకా రాలేక, దానికి జానెడు కిందే ఆగింది. అయినా దించలేదు. ఊళ్ళో సగం పైకప్పులకు రంగు వేసిన చెయ్యి అది. ఇల్లు మొత్తాన్ని భుజానికెత్తుకున్నవాడిలా ఉన్నాడు. డాక్టరమ్మ రెండుసార్లు కొలిచింది. "చాలు, దించండి" అని మెల్లగా అంటూ, తనే ఆ చేతిని పట్టుకుని అతని ఒళ్ళో పెట్టింది.

నలభైఆరు రాసింది.

బయటికొచ్చాక బావ నా నెత్తిన మొట్టాడు, ఎడమచేత్తో. "నోట్లో నాలుక లేని పిల్లవనుకున్నానే!"

"మీ మడమలకు నోరుంటే ఎప్పుడో చెప్పేవి" అంది అక్క. ఆమె నవ్వలేదు. "ఇన్నాళ్ళూ నన్నెందుకు మోసం చేశారు?"

బావ బస్సులు వచ్చే వైపు చూశాడు. "గీత పైకి పోయిన రోజు రాత్రి నువ్వు కంటినిండా నిద్రపోయేదానివి" అన్నాడు.

సర్టిఫికెట్ సహాయకేంద్రం ఆవిడకు ఇచ్చి, ఆమె రసీదు మీద ముద్ర కొట్టేదాకా నిలబడి, ఇంటికొచ్చాం. అక్క చెప్పులు విప్పి నేరుగా వంటగదిలోకి నడిచింది.

"రండి, నిలబడండి."

బావ గోడ పక్కన నిలబడ్డాడు. అక్క నేల మీద కూర్చుని, అతని రెండు మడమలనూ రెండు చేతులతో నేలకు అదిమి పట్టుకుంది.

"ఇప్పుడెత్తండి. నువ్వు గీత గియ్యవే."

చెయ్యి లేచింది. ఆగిన చోట పెన్సిలు పెట్టాను. మూడో గీతకు సరిగ్గా అంగుళం పైన. పైనున్న ఎనిమిది గీతలూ వేరే ఇంటివాళ్ళవిలా కనిపించాయి.

"ఇంతేనా?" అన్నాడు బావ.

అక్క మడమలు వదలకుండానే తల పైకెత్తి, ఆ గీత వైపు చూసింది.

"ఇదంతా చెయ్యే?" అని అడిగింది నన్ను. "ఒట్టి చెయ్యేనా?"

"ఒట్టి చెయ్యే" అన్నాను. పక్కన తేదీ వేశాను.