మేత బీడు మీద ఫొటో

సోలార్ కంపెనీ ఊళ్ళో ఉచిత కంటి శిబిరం పెడుతుందని తెలిసినప్పుడు అందరికంటే ముందు అనుమానపడింది సెల్లాయి. తమిళనాట వాడిపట్టి దగ్గర, ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం మాట్లాడే ఊరది. ఆమె అక్కడ జాకెట్లు కుడుతుంది, మహిళా సంఘం పెద్ద కూడా. ఊరి పడమట మేకలు మేసే బీడును కంపెనీ అడుగుతోందని అప్పటికే ఆమె చెవిన పడింది.

శిబిరం సంగతి చెప్పడానికి వచ్చిన కంపెనీ అధికారి శివరామన్‌ది పీలమేడు అనే ఊరు. నోరు తెరిస్తే వీళ్ళ తెలుగే.

"అక్కా, నేనూ మనవాణ్ణే. మా అవ్వ ఇట్లే మాట్లాడును," అన్నాడు.

అందరూ మెత్తబడ్డారు. సెల్లాయికి మాత్రం ఆ మాట గుచ్చుకుంది. అంత పెద్ద కంపెనీలో మన భాష వచ్చినవాణ్ణే ఏరి పంపారెందుకు?

శిబిరం రోజు కళ్ళద్దాలు తీసుకునే ప్రతివాళ్ళ చేతా ఒక కాగితం మీద సంతకం పెట్టించారు. కాగితం ఇంగ్లీషులో ఉంది. ముసలి ఆరాయి వేలిముద్ర వేయబోతుంటే సెల్లాయి ఆమె చెయ్యి పట్టుకుంది.

"వద్దు పెద్దమ్మా. ఏముందో తెలియకుండా వెయ్యొద్దు."

"ఫొటో కోసం అక్కా, వేరే ఏమీ లేదు," అన్నాడు శివరామన్.

"అట్లయితే ఒకటి నాకియ్యి తంబీ. చదివించుకొని వస్తా."

అతను మొహం మాడ్చుకుని ఇచ్చాడు. సెల్లాయి బస్సెక్కి వాడిపట్టి వెళ్ళింది. అక్కడ వకీలు దగ్గర పనిచేసే నివేదిత కాగితం రెండుసార్లు చదివింది.

"మీ ఫొటోలు కంపెనీ వాడుకోవచ్చు అని ఉంది అత్తా, అంతే. నేల మాట ఒక్కటీ లేదు."

సెల్లాయికి సిగ్గేసింది. తిరిగొచ్చి, అప్పటిదాకా ఆమె కోసం ఎండలో కూర్చున్న ఆడవాళ్ళను చూస్తే ఇంకా సిగ్గేసింది. "తప్పుగా అనుకొంటిని తంబీ," అని తానే ముందు సంతకం పెట్టి, కళ్ళద్దాలు పెట్టుకుని, ఫొటోకు నవ్వింది.

నెల తర్వాత వాడిపట్టిలో ఒక కల్యాణ మండపంలో ప్రజాభిప్రాయ సభ జరిగింది. కంపెనీవాళ్ళు తెర మీద బొమ్మలు చూపిస్తున్నారు. ఒక దాంట్లో సెల్లాయి, ఆరాయి, ఇంకో పదిమంది నవ్వుతున్నారు. కింద పెద్ద తమిళ అక్షరాలు: "మేత బీడులో సోలార్ పథకాన్ని స్వాగతిస్తున్న మహిళలు."

 సెల్లాయి శివరామన్ కోసం చూసింది. అతను తల వంచుకుని ఫోను చూసుకుంటున్నాడు. ఆమె లేచి నిలబడింది.

"అయ్యా, ఆ పటంలో ఉండేది నేనే. కళ్ళద్దాలు ఇస్తిరి, తీసుకొంటిమి. మంచి పనే. బీడు గురించి మమ్మల్ని ఎవురు అడిగిరి? మా నవ్వుకు మీరెట్ల అర్థం రాస్తిరి?"

మండపమంతా గోల లేచింది. సభ నడిపే సర్కారు అధికారి ఆమె మాటలు రాయించుకుని, సభ వాయిదా వేశాడు. మూడు నెలలకు బీడును పథకం నుంచి తప్పించినట్టు ఉత్తర్వు వచ్చింది.

ఆ వారంలోనే, బడికి కొత్త కప్పు వేయిస్తామని శిబిరం నాడు ఇచ్చిన మాట కంపెనీ వెనక్కి తీసుకుంది. బళ్ళో వంట చేసే భాగ్యం వీధిలోనే నిలదీసింది.

"నీ నోటి వల్లే కదా పోయింది? వానొస్తే పిల్లలు ఏడ కూర్చోవాల?"

నిజంగా వేసేవాళ్ళేనా, లేక అదీ ఒక ఎరేనా? సెల్లాయి శివరామన్‌కు ఫోను చేసి అడిగింది.

"అది పైవాళ్ళ ఇష్టం అక్కా," అని అతను పెట్టేశాడు.

సెల్లాయి తమిళంలో పంచాయతీకి అర్జీ రాసింది, బడి కప్పు సర్కారే వేయించాలని. సంతకాల కోసం మొదట భాగ్యం ఇంటికి వెళ్ళింది. లోపల గిన్నెల చప్పుడు వినిపిస్తోంది గాని, ఎంత పిలిచినా తలుపు తియ్యలేదు. సెల్లాయి అర్జీ పట్టుకుని పక్కింటికి వెళ్ళింది.