గురువారపు అన్నం

పన్నెండో పేరు వినిపించాక ఆదినారాయణ కళ్ళు తెరవబోయాడు. అప్పుడే పదమూడోది వినిపించింది.

"నా పేరు బ్రహ్మాజీ. మా నాయన యల్లమంద. మాది దుర్గి."

నోటినిండా నీళ్ళు పెట్టుకుని మాట్లాడినట్టుంది ఆ గొంతు. వరస చివర, ట్యాంకు నీడలోంచి వచ్చింది. ఆదినారాయణ కళ్ళు తెరిచాడు. ట్యాంకు దగ్గర ఎవరూ లేరు. హాస్టలు డాబా మీద పన్నెండు మంది పిల్లలు తూర్పుకు తిరిగి నిలబడి ఉన్నారు. పత్తి మిల్లు రేకుల మీద అప్పుడే ఎర్రగా ఎండ పడుతోంది.

"బ్రహ్మాజీ వచ్చాడా?"

"రాలా తాతా. నాలుగు రోజులనుంచి రావట్లేదు గదా," అన్నాడు నవీద్.

"మరి ఇప్పుడు చెప్పిందెవరు?"

నవీదే ఆఖరివాడు. వాడి తర్వాత ఎవరూ ఏమీ చెప్పలేదన్నారు పిల్లలు.

ఆదినారాయణకి అరవై ఏడేళ్ళు. నరసరావుపేటలో ఆ జూనియర్ కాలేజీ హాస్టల్లో పద్దెనిమిదేళ్ళుగా వంట చేస్తున్నాడు. సన్నటి మనిషి. నూనె చిట్లి ముంజేతుల మీద చుక్కలు చుక్కలుగా తెల్లమచ్చలు. పొయ్యి దగ్గర వంగీ వంగీ నడుం కొంచెం ముందుకే ఉండిపోయింది. మాట తక్కువ. అతను సెలవు పెడితే తప్ప అతనొకడున్నాడని హాస్టల్లో ఎవరికీ గుర్తురాదు.

పోయిన వానాకాలంలో నిద్రపట్టక డాబా ఎక్కిన నవీద్, చన్నీళ్ళు పోసుకుని సూర్యుడికి అర్ఘ్యం వదులుతున్న ఈ ముసలాయన్ని చూశాడు. "నువ్వు రాత్రిపూట ఎట్టా నిద్రపోతావు తాతా?" అని అడిగాడు. "పొద్దున్నే లేస్తే రాత్రికి అదే పడుద్ది," అన్నాడు ఆదినారాయణ. మర్నాడు ఇద్దరొచ్చారు. తర్వాత ఐదుగురు. సూర్యుడికంటే ముందు లేవడం, చన్నీళ్ళ స్నానం, కాసేపు ఊపిరి లెక్కపెట్టుకుంటూ నిలబడటం. తన చిన్నప్పుడు వేద పాఠశాలలో గురువుగారి ముందు చెవులు పట్టుకుని ప్రవర చెప్పుకునేవాళ్ళు, ఏ ఋషుల వంశమో, ఏ గోత్రమో, ఎవరి కొడుకో. ఈ పిల్లలకు గోత్రాలతో పనిలేదు. అందుకని పేరు, నాయన పేరు, ఊరు చెబితే చాలన్నాడు. నవీద్ కింద నమాజు చేసుకుని వచ్చి, ఒక పక్కగా నిలబడి తన వంతు చెప్పేవాడు.

"రోజుకోసారన్నా ఎవురి బిడ్డవో నోటితో చెప్పుకోవాల్రా. అప్పుడు కాలు భూమ్మీద ఆనుద్ది," అనేవాడు ఆదినారాయణ. అంతకుమించి వాళ్ళకేమీ బోధించలేదు. బోధించేంత చదువు తనకు లేదని అతని నమ్మకం.

ఏడున్నరకు ఉప్మా వడ్డించేటప్పుడు అతను మొహాలు చూడలేదు, చేతులు చూశాడు. బ్రహ్మాజీవి పెద్ద చేతులు. సెలవుల్లో తండ్రితో పాటు రాయి చెక్కుతాడు కాబట్టి బొటనవేలు పక్కన కాయ కాసి ఉంటుంది. అందరికీ వడ్డన అయిపోయింది. ఆ చేతులు పళ్ళెం చాపలేదు.

వార్డెను దగ్గరికి వెళ్ళి చెప్పాడు. వార్డెను రిజిస్టరు తిప్పి చూపించాడు.

"ఏడింటి స్టడీ అవర్లో ఉన్నాడుగా? పేరు పిలిస్తే 'ప్రెజెంట్ సార్' అన్నాడు. నా చెవులతో విన్నా."

"మొహం చూశారా?"

"అరవై మందిలో ఎవరి మొహమని చూస్తానయ్యా?"

ఆదినారాయణ గేటు దగ్గరికి నడిచాడు. వాచ్‌మన్ ఖాజా మొహిద్దీన్ కుర్చీలో కూర్చుని టీ తాగుతున్నాడు.

"దుర్గి పిల్లోడా? ఐదున్నరకే పోయాడు పంతులూ. వాళ్ళ నాయనకి బాగలేదంట. వార్డెన్ సంతకం పెట్టిన చీటీ చూపించాడు."

ఐదున్నర. డాబా మీద గొంతు వినిపించేసరికి వాడు గేటు దాటి గంట గడిచింది. స్టడీ అవర్లో పలికేసరికి గంటన్నర. వార్డెను చీటీ మాటే ఎత్తలేదు, ఆ సంతకం వాడే పెట్టుకున్నాడని ఆదినారాయణకి అర్థమైంది.

"వాళ్ళ నాయనకి ఫోను చెయ్యి ఖాజా."

ఖాజా నెంబరు వెతికి చేశాడు. అవతల ఉలి చప్పుడు ఆగింది. "నాకేంది బాబూ, రాయిలాగున్నా," అని నవ్వాడు యల్లమంద. తర్వాత నవ్వు ఆపేశాడు. "ఏం, మావోడు ఎక్కడున్నాడు?"

"నువ్వు బయల్దేరి రా నాయనా," అన్నాడు ఆదినారాయణ ఫోను తీసుకుని.

వంటింట్లోకి వెళ్ళి తనకోసం కలుపుకున్న పెరుగన్నం డబ్బాలో సర్దుకున్నాడు. ఎందుకు సర్దుతున్నాడో అతనికే తెలియలేదు. మూడు గంటల కింద పోయినవాడు దొరుకుతాడన్న ఆశ లేదు. ఆటోలో బస్టాండుకు పోతున్నంతసేపూ డబ్బా మూత వేడిగా అరచేతికి తగులుతూనే ఉంది, చల్లటి అన్నమే అయినా.

చిన్నప్పుడు మాచర్లలో అతను వారాలు చేసుకుని చదివాడు. తండ్రి పోయిన పిల్లవాడు. రోజుకొక ఇంట్లో భోజనం. సోమవారం ఒకరింట, మంగళవారం ఇంకొకరింట. గురువారం వెంకమ్మ గారింట. రోట్లో నలిగి వంకర తిరిగిన చిటికెనవేలితో ఆవిడ విస్తరి వేసేది. వడ్డించే ముందు ప్రతి ఇల్లాలూ ఒకటే ప్రశ్న అడిగేది: "సంధ్య వార్చావా?" అది ఆచారం కోసం అడిగే ప్రశ్న అనుకునేవాడు. పెద్దయ్యాక తెలిసింది. వార్చానని తలెత్తి చెప్పలేని పిల్లవాడు కడుపులో ఏదో దాచుకున్నాడని వాళ్ళు కనిపెట్టేవాళ్ళు. వారంలో ఏ రోజైనా ఎవరో ఒక ఆడమనిషి అతని మొహంలోకి చూస్తూనే ఉండేది.

పదకొండో ఏట ఒక గురువారం, మంత్రం మళ్ళీ మళ్ళీ తప్పినందుకు గురువుగారు లేచి పొమ్మన్నారు. అతను వెంకమ్మ గారింటికి పోలేదు. దిగుడుబావి మెట్ల మీద చివరిదాకా దిగాడు. నీళ్ళు పాదాలకు తగిలాయి. వెనకనుంచి ఎవరో మణికట్టు పట్టుకున్నారు.

"అన్నం తినకుండా ఎక్కడికిరా?"

అంతే. ఇంకేమీ అడగలేదు. వెంకమ్మ గారు ఇంటికి తీసుకుపోయి కూర్చోబెట్టి పెరుగన్నం పెట్టింది. తర్వాత మూడేళ్ళకు చదువు మానేసి అతను పొయ్యి దగ్గర చేరాడు. వెంకమ్మ గారు పోయి నలభై ఏళ్ళు దాటింది.

మాచర్ల బస్సులు ఆగే చోట, సిమెంటు బల్ల మీద బ్రహ్మాజీ కూర్చుని ఉన్నాడు. ఒళ్ళో బ్యాగు. కళ్ళు తెరిచే ఉన్నాయి గాని ఎదుటి బస్సును చూస్తున్నట్టు లేవు. ఆదినారాయణ వెళ్ళి పక్కన కూర్చున్నాడు. కుర్రాడు ఆశ్చర్యపోలేదు.

"తెచ్చావా తాతా?" అన్నాడు.

"ఏంది?"

"అన్నం."

ఆదినారాయణ డబ్బాను ఒళ్ళోకి తీసుకున్నాడు.

"బస్సెక్కబోతుంటే ఒకామె నా చెయ్యి పట్టుకుంది. ముసలామె. అన్నం తినకుండా ఎక్కడికిరా అంది. నీకు తెస్తన్నారు, కూచో అంది. కూచున్నా. నాలుగు బస్సులు పోయినయి. లేద్దామంటే కాళ్ళు లేవలా."

"ఆమె ఏది?"

"ఇక్కడే ఉండె." వాడు బల్ల రెండో చివర చూశాడు. అక్కడెవరూ లేరు. వాడి మణికట్టు మీద నాలుగు వేళ్ళ అచ్చులు ఎర్రగా తేలి ఉన్నాయి. మూడు తిన్నగా ఉన్నాయి. నాలుగోది వంకరగా పక్కకు తిరిగింది.

ఆదినారాయణ ఆ వంకర అచ్చును వేలితో తడిమాడు. తర్వాత కుళాయి దగ్గరికి తీసుకెళ్ళి వాడి చేతులు కడిగించాడు. డబ్బా మూత తీశాడు. మాట్లాడకుండా తినమన్నాడు. బ్రహ్మాజీ మొదటి ముద్ద మింగలేకపోయాడు. రెండోది మింగాడు. ఐదో ముద్దకు ఏడుపొచ్చింది. ఏడుస్తూనే డబ్బా ఖాళీ చేశాడు.

"ఎక్కడికి పోదామని?"

"సాగర్."

"ఎవరున్నారక్కడ?"

కుర్రాడు తల అడ్డంగా ఊపాడు. ఆదినారాయణ ఖాళీ డబ్బాకు మూత పెట్టాడు. వాడే మొదలుపెట్టాడు.

"ప్రీ ఫైనల్లో లెక్కలు పోయినయి తాతా. రెండోసారి. పొద్దున్నే డాబా మీదికొచ్చి మా నాయన పేరు చెప్పాలంటే సిగ్గేసింది. ఆ చేతుల్తో రాళ్ళు కొడతా నన్ను చదివిస్తన్నాడు. ఆయన పేరు నా నోట్లోంచి రావట్లా."

"వచ్చింది. పొద్దున నేను విన్నా."

"నేను రాలేదుగా?"

"చెప్పావు. నేను విన్నా," అన్నాడు ఆదినారాయణ మళ్ళీ. "ఇప్పుడు ఇంకోసారి చెప్పు. నాకు ఒక్కడికే."

బస్సుల హారన్ల మధ్య బ్రహ్మాజీ చెవులు పట్టుకుని చెప్పాడు. ఈసారి గొంతులో నీళ్ళ చప్పుడు లేదు.

మధ్యాహ్నం యల్లమంద హాస్టలుకు వచ్చాడు. రాతిపొడి రాలుతున్న చొక్కాతోనే బస్సెక్కి వచ్చాడు. కొడుకును చూసి చెయ్యెత్తాడు, కొడతాడనుకున్నారంతా. ఆ చెయ్యి వాడి నెత్తి మీద పెట్టి ఊరికే నిలబడ్డాడు. ఇంటికి తీసుకుపోతూ వంటింటి గుమ్మం దగ్గర ఆగాడు.

"పెద్దాయనా, పరీక్షలు రాయించమంటావా, వద్దంటావా?"

"అది తర్వాత. రోజూ పక్కన కూచుని అన్నం తిను. తినేటప్పుడు వాడి మొహం చూడు."

సాయంత్రం ఆదినారాయణ వంటకు పప్పు నానబోసి, కూరలు తరిగి, పులుసు పొయ్యి మీద పెట్టి, పనివాళ్ళకు అప్పగించాడు. డాబా మీద కుళాయి కింద స్నానం చేసి, విడిచిన పంచె జాడించి తీగ మీద ఆరేశాడు. పొడి పంచె కట్టుకుని సంధ్యకు కూర్చున్నాడు. నీళ్ళు వదిలాక ట్యాంకు గోడకు వీపు ఆనించి కళ్ళు మూసుకున్నాడు. పెదవులు కాసేపు కదిలాయి.

నవీద్ రెండుసార్లు పైకి వచ్చి చూశాడు. జపంలో ఉన్నవాణ్ణి కదిలించకూడదని తాతే చెప్పాడు. అందుకని కదిలించలేదు. రెండోసారి వచ్చినప్పుడు ట్యాంకు అవతల ఆడవాళ్ళ గొంతులు మెల్లగా మాట్లాడుకుంటున్నట్టు, ఎవరో ఆకులు తుడిచి పరుస్తున్నట్టు వినిపించింది వాడికి. ఒకరు కాదు, ఆరేడుగురు. వంగి చూశాడు. ఎవరూ లేరు. గాలేమో అనుకుని దిగిపోయాడు.

భోజనాల గంట కొట్టినా పంతులు రాకపోయేసరికి ఖాజా మొహిద్దీన్ పైకి ఎక్కాడు. కూర్చున్న మనిషి కూర్చున్నట్టే ఉన్నాడు. కుడిచెయ్యి ఒళ్ళో ఉంది. వేళ్ళ కొసలకు పెరుగు మెతుకులు అంటుకుని ఉన్నాయి. ఆ రోజు అతను ఏమీ తినలేదని వంటవాళ్ళందరికీ తెలుసు. ఖాజా ఎవరినీ పిలవకుండా ముందు తన తువ్వాలు తడిపి ఆ చెయ్యి తుడిచాడు.

గురజాల నుంచి అన్న కొడుకు వచ్చి రాత్రికే శవాన్ని తీసుకుపోయాడు. భార్య ఎప్పుడో పోయింది, పిల్లలు లేరు. మిగతా సామాను ఒక సంచిలో పట్టింది.

మర్నాడు మధ్యాహ్నం తాత పంచె తెద్దామని నవీద్ డాబా ఎక్కాడు. మార్చి ఎండ. గచ్చు మీద కాలు ఆనడం లేదు. పిల్లలు పొద్దున ఆరేసిన దుప్పట్లు అట్టలు కట్టి ఉన్నాయి. తీగ చివర పంచె మాత్రం ఇప్పుడే జాడించినట్టు బరువుగా వేలాడుతోంది, దాని అంచునుంచి నీళ్ళు ఒక్కొక్క చుక్కే రాలుతున్నాయి.