కోవా ఉండల కేసు

యూనివర్సిటీ డిస్పెన్సరీలో బకెట్లు చాలలేదు. మధ్యాహ్నం హాస్టల్ డే విందు తిన్న కుర్రాళ్లు వరసగా వాంతులు చేసుకుంటున్నారు. నర్సు హెలెన్ ఒక్కొక్కరి నుదురూ తాకి చూసింది. ఎవరికీ జ్వరం లేదు. జబ్బుపడ్డవాళ్లంతా తిన్నవి రాత్రి చేసి బయటే వదిలేసిన కోవా ఉండలు.

ఇంతలో వార్డెన్ వంటమనిషి పేరయ్యను రెక్క పట్టి లాక్కొచ్చాడు.

"వీని గోర్లు చూడు సిస్టర్, ఎట్ల ఉబ్బినయో! పేరయ్యా, పొద్దుగూకేలోపు పెట్టె సర్దుకో. తార్నాక చౌరస్తా దాటినంక మళ్ల ఇటు కనపడొద్దు."

"లాలాగూడల ఇంటినిండ పిల్లలున్నరు సార్! నేను పాలే మరగబెట్టిన. ఉండలు కట్టలే."

"మరెవరు కట్టిండ్రు, మీ తాతనా?" అన్నాడు వాళ్ల వెనకే వచ్చిన మెస్ సెక్రటరీ వెంకటస్వామి. ఎమ్మే విద్యార్థి. టెరిలిన్ చొక్కా, కుడిచెయ్యి స్టైలుగా ప్యాంటు జేబులో.

పేరయ్య అతనివైపు చూసి నోరు మూసుకున్నాడు. మెస్‌లో ఎవరుండాలో తేల్చేది ఆ సెక్రటరీయే.

హెలెన్ పేరయ్య వేళ్లను వెలుతురులోకి తిప్పింది. గోళ్ల చుట్టూ మెత్తటి వాపు. నొక్కినా చీము లేదు.

"ఎన్నాళ్లయిందయ్యా?"

"వానకాలం నుంచమ్మా. ఎప్పుడూ నీళ్లల్లనే గదా చేతులు."

"ఇది బూజు జాతి, వార్డెన్ గారూ. తడికి వస్తుంది. వాంతులు చేయించేది ఇది కాదండి. నాకు కావలసిన వేలు ఎర్రగా, చీముపట్టి సలుపుతూ ఉండాలి. ఆ చీములో క్రిమి కోవాలో పడితే తెల్లారేసరికి విషమే."

వెంకటస్వామి చెయ్యి జేబులో మరికాస్త లోపలికి దిగింది. అతని పక్కగా వెళ్తుంటే హెలెన్‌కు నిమ్మవాసన తగిలింది. గోరుచుట్టు లేస్తే జనం ముందు పరిగెత్తేది డాక్టరు దగ్గరికా? వేలికి నిమ్మకాయ తొడుక్కోడానికి!

ఆమె మందుల ట్రే ఎత్తి అతనికిచ్చింది. "పట్టుకో బాబూ. రెండు చేతులా!"

ఎడమచేతిలో ట్రే ఒరిగింది. సీసాలు జారాయి. కుడిచెయ్యి దానంతటదే బయటికి దూకింది. బొటనవేలి నిమ్మకాయ ఊడి, దొర్లుకుంటూ వెళ్లి వార్డెన్ బూటు దగ్గర ఆగింది. వేలు ఎర్రగా వాచి ఉంది, గోరు పక్కన పసుప్పచ్చటి చీము.

"ఏందిరా ఇది?"

"ఉండలు కట్టేటప్పుడు నిమ్మకాయ తీసేసిన సార్! నీట్‌గా ఉండాలె గదా అని!"

"నువ్వెందుకు కట్టినవ్?"

"లేడీస్ హాస్టలోళ్లు వస్తరని... నా చేత్తో చేసిన అని చెప్పుకుందామని..."

"తిన్నరా వాళ్లు?"

"రానే రాలే సార్."

హెలెన్ నవ్వాపుకుంది. "డాక్టరు గారు కోసి చీము తీస్తారు, కూర్చో." పేరయ్య వేళ్లకు ఊదారంగు మందు పూసి, "వీటికి తడి తగలకూడదు" అంది.

"మరి గిన్నెలెవరు తోముతరమ్మా?"

"సెక్రటరీ సాబ్ వేలు మాననియ్, ఆయనే తోముతడు" అన్నాడు వార్డెన్, నిమ్మకాయను బూటుతో పక్కకు తన్ని. "పేరయ్యా, రేపు చారు నువ్వే చెయ్యి. నిమ్మకాయ మాత్రం పిండకు."