గడ్డి కింద మేకులు

మా అక్కను ముప్పై వేల మంది ముందు రెక్క పట్టుకుని మైదానం బయటికి నెట్టారు. నేను చూశాను. చూసి, వీపున ఉన్న మందు ట్యాంకు పట్టీ సరిచేసుకుని నిలబడ్డాను. ముందు ఆ సంగతి ఒప్పుకుని, మిగతాది చెబుతాను. కార్మికులైనా, చదువుకునే పిల్లలైనా, వినేవాళ్లు నన్ను మంచివాడనుకుంటూ వినకూడదు.

దేశంలోకెల్లా పెద్ద ఫుట్‌బాల్ లీగు అది. ఆ సీజనులో మా మైదానానికి పంతొమ్మిది మ్యాచులు వచ్చాయి. మైదానం గడ్డి కోసేదీ, ఆట చూసేవాళ్లకు కనిపించే తెల్లగీతలను ప్రతి మ్యాచు పొద్దున గీసేదీ పదకొండు మంది ఆడవాళ్లు. వాళ్లందరికీ పెద్ద మా అక్క. గీత మొదలయ్యే ప్రతి చోటా గడ్డి కింద ఇనప మేకు పాతి ఉంటుంది. పైకి కనిపించదు. అరికాలితో తడిమి పట్టుకోవాలి. మేకు నుంచి మేకుకు తాడు బిగించి కట్టి, దాని వెంట రంగు బండి తోసుకుపోవాలి. పక్కవాళ్లు పదిసార్లు తడిమే మేకును అక్క ఒక్క అడుగులో పట్టేసేది. "నా కాళ్లకు కళ్లున్నాయిరా తమ్ముడూ" అని నవ్వేది.

చెప్పులు వేసుకోనిచ్చేవారు కాదు. చెప్పుల అచ్చులు టీవీలో కనిపిస్తాయని, మైదానం నడిపే క్లబ్బు తరఫున మేనేజరు ఆర్డరు. ఆటగాళ్ల బూట్లు అదే గడ్డిని సాయంత్రానికి చీల్చి పెట్టేవి. దాన్ని ఆట అనేవారు.

మందు కొట్టేది నేను. గడ్డికి మచ్చలు పడకుండా, పచ్చగా మెరిసేలా కొట్టే మందు. ట్యాంకుకు ఒక మూతే కలపాలని ఆ నీలం డబ్బా మీద ఉంటుంది. కొట్టాక రోజంతా ఆ గడ్డి మీద కాలు పెట్టకూడదని కూడా ఉంటుంది, పాదం బొమ్మ వేసి దాని మీద అడ్డంగా గీత కొట్టి. కానీ మేనేజరుకు మ్యాచు పొద్దునే కొట్టాలి, ఆడవాళ్లు గీతలు గీస్తుండగానే కొట్టాలి. నేను కొట్టేవాణ్ని. రెండో మ్యాచు రోజు టీవీలో వ్యాఖ్యానం చెప్పే ఆయన మా గడ్డిని తివాచీ అన్నాడు. మమ్మల్ని పనిలో పెట్టుకున్న కాంట్రాక్టరు నా భుజం తట్టాడు. పన్నెండేళ్ల ఉద్యోగంలో మొదటిసారి. ఆ ఒక్క తట్టుకు ఉబ్బి తబ్బిబ్బయి, మూడో మ్యాచు నుంచి ట్యాంకుకు రెండు మూతలు కలిపాను. నన్నెవరూ అడగలేదు. మేనేజరు చూశాడు. "బాగుంది, అలాగే కానీ" అన్నాడు.

తొమ్మిదో మ్యాచు నాడు అక్క మూలజెండా దగ్గర చాలాసేపు తిరిగింది. ఒక చోట ఆగి, కాలు నొక్కి, మళ్లీ పక్కకు జరిగింది. చివరికి ఏదో దొరికినట్టు తల ఊపి తాడు కట్టించింది. మ్యాచుకు ముందు రిఫరీ టేపు పట్టి కొలిస్తే గీత జానెడు పక్కకు పోయి ఉంది. గ్యాలరీలు నిండిపోయాయి, ఈలలు మొదలయ్యాయి. మేనేజరు పరిగెత్తుకొచ్చాడు.

"కళ్లు దొబ్బాయా నీకు? ముసలి పీనుగా!"

"మేకు తగల్లేదు బాబూ..."

"తీసుకెళ్లండ్రా దీన్ని!"

అప్పుడే రెక్క పట్టి నెట్టారు. జనం నవ్వారు కూడా. గేటు వెనక గట్టు మీద కూర్చుని అక్క అరికాళ్లు నా వైపు తిప్పింది. తెల్లగా పొట్టు లేచిపోయి ఉన్నాయి.

"స్పర్శ లేదురా. నెల రోజులైంది. రాయి తొక్కినా తెలియట్లేదు."

"చెప్పొచ్చు కదక్కా!"

"చెబితే పని పోదూ? నువ్వు మాత్రం ఏం చేస్తావ్, నీ పని నువ్వు చేస్తున్నావ్" అంది. రెండు మూతల సంగతి ఆమెకు తెలియదు. నేను చెప్పలేదు. నా నోరు పడిపోయిందా అని ఇప్పటికీ నన్ను నేను తిట్టుకుంటాను.

తర్వాత దగ్గు, ఆయాసం. ఆస్పత్రిలో ఏం పని చేస్తుందని అడిగితే కాంట్రాక్టరు మనిషి "ఇంటి పని" అని రాయించాడు. జట్టు నెగ్గుకుంటూ పైకి పోయింది. అక్క మంచానికి అతుక్కుపోయింది. పద్నాలుగో మ్యాచు మధ్యాహ్నం, పక్క మంచం దగ్గర రేడియోలో గోల్ గోల్ అని అరుస్తుండగా ఆమె పోయింది. వార్డు మొత్తం చప్పట్లు కొట్టింది. వాళ్లకేం తెలుసు! నేను మాత్రం అక్క చెవులు రెండూ మూసి పట్టుకున్నాను. ఎందుకు పట్టుకున్నానో నాకే తెలియదు.

పన్నెండో రోజున కాంట్రాక్టరు నన్ను పిలిచాడు. "డబ్బా నీ చేతిలోది. నువ్వు నోరెత్తితే ముందు లోపలికి పోయేది నువ్వే. గుర్తుంచుకో."

అప్పటికి అక్క చోట ఆమె కూతురు పనిలో చేరింది, అంతవరకు చేస్తున్న కుట్టుపని వదిలేసి. వచ్చిన వారానికే మిగతా వాళ్ల అరికాళ్లు ఒక్కొక్కటే చూసింది. ఆరుగురికి పొట్టు లేస్తోంది. ఆదివారం అందర్నీ గడియారం పిన్ని గదిలో కూర్చోబెట్టింది. గీతలు గీసేవాళ్లలో ఒకరైన ఆ పిన్నికి చేతిన గడియారం లేకపోయినా టైము నిమిషంతో సహా చెబుతుంది, అందుకని ఆ పేరు.

"చెప్పులు కావాలి. మనం గడ్డి మీదున్నప్పుడు మందు కొట్టకూడదు. మా అమ్మ ఈ పని వల్లే పోయిందని కాగితం మీద రాయాలి. అంతే" అంది మేనకోడలు.

"అడిగితే ఇస్తారా?" అంది ఒకామె.

"ఇవ్వరు. పని ఆపాలి."

"గడ్డి కోయడం ఆపితే మిషను పెట్టి కోస్తారే."

పిన్ని నింపాదిగా అందుకుంది. "గడ్డి కోస్తుంది మిషను. మేకులెక్కడున్నాయో మిషనుకు తెలుసా? బూట్లేసుకున్నోడికి తెలుసా? గీతల్లేకుండా ఆట ఎట్లా ఆడతారో చూద్దాం."

"ఆఖరి మ్యాచుకా? అది నెగ్గితే కప్పు మనదే కదా పిన్నీ! మా ఆయన నన్ను ఇంట్లోకి రానిస్తాడా? ఊరంతా తంతారు మనల్ని."

"మిగతా మ్యాచులకు ఆపితే ఎవడికి పట్టింది?"

వాదన మధ్యాహ్నం దాకా సాగింది. వాళ్లందరూ మాట్లాడారు. నేనొక్కణ్నే గోడకు ఆనుకుని కూర్చున్నాను. చివరికి లేచి, రెండు మూతల సంగతి చెప్పేశాను. భుజం తట్టిన సంగతి కూడా చెప్పాను. ఒకామె తన పాదాలు చీర కిందికి లాక్కుంది. మేనకోడలు నా వైపు చూడలేదు.

"ఈ మాట బయట అందరి ముందు చెబుతావా మామయ్యా?"

"చెబుతానమ్మా."

"చెప్పు. కానీ నన్ను క్షమించమని మాత్రం అడక్కు."

ఆఖరి మ్యాచు పొద్దున పదకొండు మంది చెప్పులేసుకుని మైదానం మధ్యలోకి నడిచి కూర్చున్నారు. నేను ట్యాంకు దించి వాళ్ల పక్కన పెట్టి, రెండు మూతల సంగతి అందరికీ వినిపించేలా చెప్పాను. కాంట్రాక్టరు బయటి నుంచి మనుషుల్ని తెచ్చాడు. వాళ్లు బూట్లతో మూలమూలా పొడిచారు, గడ్డపలుగుతో గుచ్చారు. నాలుగు మేకులకు ఒకటి చొప్పున దొరికింది. మిగతాది కంటి అంచనాతో గీశారు. గోలు ముందు పెట్టెలా గీసే గడి పక్కకు ఒరిగిపోయింది. రిఫరీ టేపు చుట్టేసి, "దీని మీద మ్యాచు ఆడించను" అన్నాడు.

అప్పుడు మేనేజరు మా దగ్గరికొచ్చి మోకాళ్ల మీద కూర్చున్నాడు. ఎప్పుడూ వినని మెత్తటి గొంతు.

"చెప్పులిస్తాం. మందు ముందురోజే కొట్టిస్తాం. రాసి తెచ్చాను, చూడండమ్మా. ఒక్క ముక్క మాత్రం ఉంది. మీ పెద్దావిడ పోవడానికి ఇతనొక్కడే కారణం, క్లబ్బుకు సంబంధం లేదు అని. ఇతనే ఒప్పుకుంటున్నాడు కదా. సంతకాలు పెట్టి లేవండి."

నాకది అన్యాయం అనిపించలేదు, నిజం చెబుతున్నాను. పదకొండు జతల పాదాలు దక్కుతాయి, నేనొక్కణ్ని పోతాను. "పెట్టేయండి" అన్నాను. ఇద్దరు ముగ్గురు చెయ్యి చాపారు కూడా. మేనకోడలు కాగితం తీసుకుని మొదటి నుంచి చివరిదాకా చదివింది.

"మా అమ్మను చంపింది మామయ్య చెయ్యి" అంది. "ఆ చేతికి డబ్బా ఇచ్చింది మీరు. మేం గడ్డి మీద ఉండగా కొట్టమంది మీరు. చెప్పులు విప్పించింది మీరు. ఆస్పత్రిలో ఇంటి పని అని రాయించింది మీరు. అన్నీ రాసుకు రండి, పెడతాం."

"టైమెంతయిందో తెలుసా?"

"రెండూ నలభై" అంది గడియారం పిన్ని. "మూడున్నరకు ఆట. వెళ్లి రాసుకు రా."

మేనేజరు రాయలేదు. పోలీసుల్ని పిలిచాడు.

గ్యాలరీలు నిండాక మమ్మల్ని ఈడ్చారు. ముప్పై వేల గొంతులూ మమ్మల్నే తిట్టాయి. సీసాలు పడ్డాయి. పిన్ని నుదురు చిట్లింది. మ్యాచు రద్దని మైకులో చెప్పగానే ఆ తిట్లు ఏడుపుల్లా మారిపోయాయి. ఎనిమిది నెలలు వానకూ ఎండకూ ఓర్చి చూసినవాళ్లు, పాపం, వాళ్లకు ఏడాదంతా ఉన్న సంతోషం అదొక్కటే. అది మా చేతుల మీదుగా పోయింది. వాళ్ల మీద నాకు కోపం రాలేదు.

మమ్మల్ని ఎక్కించిన పోలీసు వ్యాను గేటు దాటే లోపల జనం అడ్డుపడ్డారు. జట్టు చొక్కా వేసుకున్న ఒకతను కిటికీ జాలీ పట్టుకుని ఊపేస్తున్నాడు. "మీ ముఖాలు మండా! కప్పు నోటి దాకా వచ్చింది కదే!"

మేనకోడలు జాలీకి ముఖం ఆనించింది. "మా అమ్మ చచ్చిపోయిందన్నా. గడ్డికి కొట్టే మందుకి. ఆ నీలం డబ్బా మందుకి. అదొక్కటి విని, తర్వాత తిట్టు."

అతను ఊపడం ఆపాడు. "నీలం డబ్బానా? ఎర్ర మూతదా?"

"అవును."

"మీ అమ్మకు... ముందు ఏమైంది?"

"అరికాళ్లు పొట్టు లేచాయి. తర్వాత స్పర్శ పోయింది. తర్వాత ఊపిరాడలేదు."

అతను జాలీ వదిలేసి తన అరచేతులు చూసుకున్నాడు. చుట్టూ ఇంకా అరుస్తూనే ఉన్నారు. అతనికి అవేవీ వినబడుతున్నట్టు లేదు.

"ఆ డబ్బాలు నింపేది మేమే" అన్నాడు చాలా మెల్లగా. "మందు ఫ్యాక్టరీలో, మా షెడ్డులో. చేతులకు తొడుగులు ఇవ్వరు. వేసుకుంటే మూత బిగించడం ఆలస్యమవుతుందట."

వెనక్కి తిరిగి గొంతు చించుకుని అరిచాడు. "ఒరేయ్! మన షెడ్డోళ్లంతా ఇటు రండ్రా! రండి! చేతులు చూపించండి ఈ పిల్లకి!"

ఒకడొచ్చాడు. ఇద్దరొచ్చారు. తర్వాత లెక్కపెట్టలేదు. అందరివీ అవే చొక్కాలు. ఒక్కొక్కరే వచ్చి, తెల్లగా పొట్టు లేచిన అరచెయ్యి జాలీకి ఆనించారు. నేను తల దించుకున్నాను. మేనకోడలు ఒక్కో చేతినీ చూసి, "అన్నా, ఎన్నాళ్ల నుంచి?" అని అడుగుతోంది. వాళ్లు చెబుతున్నారు. డ్రైవరు హారన్ కొడుతూనే ఉన్నాడు. వ్యాను ముందు నుంచి ఒక్కరూ జరగలేదు.