లాయరమ్మ తలకెత్తుకున్న ఒట్టు

పొద్దున ఆరున్నరకు పాల డెయిరీ ముందర నిలబడి చూస్తే ఏ ఊరైనా ముచ్చటగానే ఉంటుంది. చెంబులు, క్యాన్లు పట్టుకుని ఆడవాళ్ళు వరుసలో నిలబడతారు. ఆవు ఈనిన సంగతి, బోరు ఎండిన సంగతి, ఎవరి పిల్లకో సంబంధం కుదిరిన సంగతి అన్నీ ఆ వరుసలోనే తెలుస్తాయి. కర్ణాటకలో, ఆంధ్ర సరిహద్దు దగ్గరున్న బట్లహళ్ళికి నాలుగైదు మైళ్ళ దూరంలో ఉన్న ఆ ఊరి డెయిరీ కూడా అలాగే ఉండేది. ఊరి పేరు చెప్పను. చెబితే, మా ఊళ్ళో ఇలాంటివి లేవు లెమ్మని మీరు నిశ్చింతగా పేజీ తిప్పేస్తారు.

కాస్త నిదానించి చూస్తే అక్కడ వరుసలు రెండని తెలిసేది. కాలనీ వాళ్ళు, అంటే దళితులు, గోడవారన పెట్టిన క్యాన్‌లో మాత్రమే పాలు పోయాలి. గుర్తుకోసం దాని మెడకు నారతాడు కట్టి ఉండేది. ఆ తర్వాత క్యాన్లన్నీ ఒకే వ్యానెక్కి, ఒకే చోట కలిసి, ఒకే ప్యాకెట్లలో బెంగుళూరు చేరేవి. ఆ పాలు తాగి ఎవరి కులమూ చెడలేదు. అయినా ఊళ్ళో ఆ తాడు విప్పిన వాళ్ళు లేరు.

ఒకరోజు ఆ క్యాన్ నిండిపోయింది. వ్యాను మళ్ళీ సాయంత్రానికి గానీ రాదు. అప్పటికి పాలు విరిగిపోతాయని కాలనీకి చెందిన నాగరాజ్ అనే పాతికేళ్ళవాడు తన పాలను ఊరివాళ్ళ క్యాన్‌లో పోశాడు. డెయిరీ అధ్యక్షుడు లక్ష్మణప్ప, అతని మనుషులు ముగ్గురు కట్టెలు తీసుకుని అక్కడే, అందరూ చూస్తుండగానే, నాగరాజ్ కుడిచెయ్యి విరగ్గొట్టారు. కేసు నమోదైంది. కళ్ళారా చూసినవాళ్ళని కాలనీకే చెందిన ఆరుగురి పేర్లు పోలీసులు రాసుకున్నారు.

కేసు విచారణకు వచ్చేసరికి 2008 వచ్చింది. చిక్కబళ్ళాపుర జిల్లా అయిన మరుసటి ఏడు. ఆరుగురిలో ఐదుగురు మాట మార్చేశారు. బయ్యప్ప అనే ఆయన ఆ రోజు తాను మురుగమల్ల దర్గాకు పోయి ఉన్నానన్నాడు. ఇంకొకాయన తనకు చూపు ఆనదన్నాడు. మిగిలింది అక్కయమ్మ ఒక్కతే. ఆమె నోరు తెరిస్తే కేసు ఉంది, తెరవకపోతే లేదు. ఆమెకు భర్త లేడు. ఒక ఆవు, చింతామణి కాలేజీలో చదివే కూతురు నేత్ర, అంతే ఆమె సంసారం.

కోర్టులో ప్రశ్నలు వేసేది ప్రభుత్వ వకీలే అయినా, నాగరాజ్ తరఫున కేసు చూస్తున్నది హనుమక్క. ఆ కాలనీలో పుట్టి నల్లకోటు వేసుకున్న మొదటి మనిషి ఆమే. చింతామణి కోర్టులో మొదటి రెండేళ్ళు ఆమె దగ్గరికి ఒక్క కక్షిదారూ రాలేదు. తర్వాత శ్మశానానికి దారి లేనివాళ్ళు, చేసిన పనికి కూలి దక్కనివాళ్ళు ఆమెనే వెతుక్కుంటూ వచ్చారు. ఆమెకు ఇంకో పని కూడా ఉంది. కాలనీలోని మారెమ్మ గుడికి ఆమె పూజారి. తండ్రి పోయాక మగబిడ్డలెవరూ లేక ఆమే హారతి పళ్ళెం పట్టుకుంది. ఆడది పూజేమిటని పెద్దలు గొణిగారు. లాయరుకు పూజేమిటని సాటి వకీళ్ళు నవ్వారు. కోటు చేతుల మీద పసుపు మరకలతోనే ఆమె పన్నెండేళ్ళు రెండు పనులూ చేసింది.

జాతరనాడు మాత్రం ఊరంతా కాలనీకి వస్తుంది. లక్ష్మణప్ప కూడా వంగి, రెండు చేతులూ చాపి, హనుమక్క చేతి పసుపు తీసుకుని నుదుట పెట్టుకుంటాడు. మర్నాడు పొద్దున ఆమె ఇంటి పాలు తాడు కట్టిన క్యాన్‌లోకే పోతాయి. ఈ భక్తిని చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది.

వాయిదాకు తొమ్మిది రోజులుందనగా, హనుమక్క కోర్టులో ఉన్న సమయం చూసుకుని, లక్ష్మణప్ప అక్కయమ్మ ఇంటి ముందుకు వచ్చాడు. కేకలు వేయలేదు. బాగున్నావా అన్నాడు, ఆవు ఎన్ని పాలిస్తుందని అడిగాడు. తర్వాత చల్లగా ఇంకొక మాట అడిగాడు.

"నేత్ర ఏ బస్సుకు వస్తాదమ్మా?"

"సాయంత్రం ఐదుంబావు బస్సుకప్పా" అని ఆమె అలవాటుగా చెప్పేసింది. చెప్పిన తర్వాత గానీ అతను ఎందుకు అడిగాడో తట్టలేదు. బస్సు ఆగే క్రాసు నుంచి ఊరిదాకా దారి నిర్మానుష్యంగా ఉంటుందని, కాలం బాగాలేదని, ఆడపిల్ల జాగ్రత్త అని చెప్పి, అతను ఆమెను గుడి దగ్గరికి నడిపించుకుపోయాడు. కర్పూరం వెలిగించి, కోర్టులో నోరు తెరవనని మారెమ్మ ముందర ఆమె చేత ఒట్టు వేయించి, దాన్ని ఆర్పించాడు.

అతనికి ఆ మనుషుల సంగతి బాగా తెలుసు. కోర్టు బోనులో పెట్టించే ప్రమాణం అక్కడి వాళ్ళకు ఒక తంతు. కర్పూరం ఆర్పి చేసిన ఒట్టు అలాంటిది కాదు. అది తప్పితే ఇంట్లో పీనుగ లేస్తుందని నమ్ముతారు. అందుకే అతను స్టాంపు కాగితం మీద రాయించుకోలేదు.

ఆ రోజు నుంచి అక్కయమ్మకు తిండి సయించలేదు. మధ్యాహ్నం మూడున్నరకే పోయి క్రాసులో నిలబడేది. మోటారుసైకిలు చప్పుడు వినిపిస్తే రోడ్డు మీదికి పరుగెత్తి చూసేది. ఒకరోజు బస్సు ఇరవై నిమిషాలు ఆలస్యమైంది. నేత్ర దిగేసరికి తల్లి రోడ్డు పక్కన కూలబడి ఉంది. ఏమైందని అడిగితే కసురుకుంది, కాలేజీ మానెయ్యమంది. విషయం రాబట్టడానికి నేత్రకు మూడు రోజులు పట్టింది. నాలుగో రోజు ఆ పిల్ల కాలేజీకి పోకుండా నేరుగా కోర్టుకు పోయి హనుమక్కకు చెప్పింది.

ఆదివారం పొద్దున హనుమక్క గుడి కడుగుతుంటే అక్కయమ్మే వచ్చి గడప దగ్గర కూర్చుంది.

"కోర్టులో తప్పు చెప్తే నన్ను జైల్లో వేస్తారు, వేసుకోనీ. అమ్మ దగ్గర మాట తప్పితే నా బిడ్డకు కదమ్మా కీడు వచ్చేది. నువ్వే కదా పూజారివి. ఆ ఒట్టు నువ్వే తీసెయ్యి."

హనుమక్క చేతిలోని నీళ్ళ చెంబు కింద పెట్టింది. ఒట్టు చెల్లదని ఒక్క మాట అంటే చాలు, సాక్షి దక్కుతుంది. పూజారి మాటను కాదనే ధైర్యం ఎవరికీ లేదు. కానీ లక్ష్మణప్ప చేసిందీ అదే కదా. అమ్మవారి పేరు చెప్పి ఒక బెదిరిన మనిషిని తన కేసుకు వాడుకోవడం ఆమె మనసుకు ఒప్పలేదు.

ఇంకొక దారి ఉంది. అది ఆమె తండ్రి చెప్పినది. ఇంకొకరి ఒట్టును పూజారి తన తలకెత్తుకోవచ్చు. వెలుగుతున్న కర్పూరాన్ని వట్టి చేత్తో ఆర్పితే, రాబోయే కీడు పూజారికే వస్తుంది. తండ్రి తన జన్మలో ఒక్కసారి ఆ పని చేశాడు. ఆ ఏడే ఆయనకు ఒక కన్ను పోయింది. అది కేవలం యాదృచ్ఛికమని చదువుకున్న హనుమక్కకు తెలుసు. తెలిసినా, చేతికి తీసుకున్న అగ్గిపెట్టెను ఒకసారి మళ్ళీ పక్కన పెట్టేసింది. ఆమె భయమెరుగని మనిషని మీరు అనుకోవద్దు. రెండు పుల్లలు ఆరిపోయాక మూడోది అంటుకుంది.

కాలనీ వాళ్ళు గుమిగూడారు. హనుమక్క మంట మీద అరచెయ్యి పెట్టి మూసింది.

"అక్కయమ్మ నోరు తెరిస్తే వచ్చే కీడు నాకు రానీ తల్లీ. తెరవకున్నా నేను అడగను. అది ఆమె ఇష్టం" అంది.

చెయ్యి తీసేసరికి అరచేతిలో రూపాయంత బొబ్బ లేచింది.

వాయిదా రోజు అక్కయమ్మ, నేత్ర, హనుమక్క మొదటి బస్సుకే బయల్దేరారు. ఒక మోటారుసైకిలు చింతామణి దాకా బస్సు వెనకే వచ్చింది. దారంతా అక్కయమ్మ కూతురి మణికట్టు వదలలేదు. చిక్కబళ్ళాపుర జిల్లా కోర్టులో లక్ష్మణప్ప తెల్లచొక్కా వేసుకుని, ముందే వచ్చి కూర్చున్నాడు. ఆమెను చూసి చిన్నగా తల ఊపాడు.

ప్రభుత్వ వకీలు ఆ రోజు డెయిరీ దగ్గర ఏం చూశావని అడిగాడు. అక్కయమ్మ పలకలేదు. రెండోసారి అడిగాడు. బోను చెక్క పట్టుకున్న ఆమె చేతులు కనిపించేలా వణికాయి. అవతలి వకీలు ఫైలు మూసేసి నవ్వాడు. ఆరో సాక్షి కూడా అయిపోయినట్టేనని అందరూ అనుకున్నారు. హనుమక్క కట్టు కట్టిన చేతిని ఒళ్ళో దాచుకుని నేల చూస్తూ కూర్చుంది. సైగ కూడా చేయలేదు.

అప్పుడు జడ్జి, ఎవరైనా బెదిరించారా అని కన్నడలో మెల్లగా అడిగాడు.

"బెదిరించినారు సామీ" అని ఆమె తెలుగులోనే చెప్పింది. "నా బిడ్డ ఏ బస్సుకు వస్తాదని అడిగినాడు. అదో, ఆయప్పే. నాకు ఇప్పుడూ భయంగానే ఉండాది. అయినా చెప్తాను, రాసుకోండి."

ఎవరు చెయ్యి పట్టుకున్నారో, ఎవరు కట్టె ఎత్తారో, ఎన్ని దెబ్బలు పడ్డాయో అన్నీ చెప్పింది. అవతలి వకీలు గంటసేపు అడిగాడు. మాట తడబడింది, ఏడుపు వచ్చింది, కానీ చెప్పింది మారలేదు. లక్ష్మణప్ప తల ఊపడం మానేశాడు.

బయట వరండాలో బయ్యప్ప నిలబడి ఉన్నాడు. ఏం జరుగుతుందో చూసిపోదామని వచ్చి, తలుపు పక్క నుంచి అంతా విన్నాడు. అక్కయమ్మ కళ్ళలోకి చూడలేక నేత్రను చూస్తూ మాట్లాడాడు.

"మీయమ్మకు ధైర్యం ఉండాది. మాకు భయమై అట్ల చెప్పేసినాము."

"ధైర్యం యాడిదప్పా?" అని అక్కయమ్మ రెండు చేతులూ చాపి చూపించింది. అవి ఇంకా వణుకుతూనే ఉన్నాయి.

హనుమక్క బయ్యప్ప దగ్గరికి వచ్చింది.

"భయం పోయినాక నిజం చెప్దామని మన తాతలు కాచుకోనుండిరి, మన అమ్మానాయనలు కాచుకోనుండిరి. అది పొయ్యేది కాదు బయ్యప్పా. నిజం చెప్పల్లంటే భయపడతానే చెప్పల్ల."