సవతి బిళ్ళ

సుమలత మళ్లీ వచ్చిందని ఊళ్లో మొదట చెప్పింది గోపమ్మేనట. గోపమ్మది సైదులు ఇంటికి ఎదురిల్లు. ఆమె నాటుకూలీలతో అంటే, వాళ్లు బోరింగు దగ్గర అంటే, చివ్వెంల ఆటో ఎక్కేలోపే ఆ మాటకు కాళ్లూ చేతులూ మొలిచాయి. సైదులు పెళ్లాం నాగరాణి మడిలో నారు పట్టుకుని వంగింది వంగినట్టే ఒరిగిపోయిందట. ఎడమకాలు బురదలోంచి రాలేదట, కింద ఎవరో పట్టుకున్నట్టు. నలుగురు లేపి గట్టున కూచోబెడితే కన్ను కనబడతలేదు అందట. ఆ గొంతు నాగరాణిది కాదట, అచ్చం సుమలతదేనట. సుమలత బతికున్నన్నాళ్లూ గోపమ్మకు ఆమెతో మాటల్లేవనీ, ఆమె గొంతు గోపమ్మ చెవిన పడిందే తక్కువనీ ఊరందరికీ తెలుసు. అయినా ఆ సంగతి ఎవరూ ఎత్తలేదు.

సుమలత సైదులు మొదటి పెళ్లాం. సాగర్ ఎడమకాలువలో పడి పోయింది. ఆ మరుసటేడు కోదాడ పక్క పల్లెనుంచి నాగరాణిని చేసుకొచ్చారు. గొర్లు కాసుకునే ఈ ఇళ్లలో, పోయినామె చోటులోకి వచ్చే ఆడది పుస్తెలతోపాటు సవతి బిళ్ళ కూడా మెడలో వేసుకోవాలి. పోయినామె బొమ్మ చెక్కిన గుండ్రటి వెండి బిళ్ళ అది. కొత్త చీర తెస్తే ముందు బిళ్ళకు చూపించాలి. పండుగనాడు మొదటి ముద్ద బిళ్ళకు తాకించి అప్పుడు నోట్లో పెట్టుకోవాలి. తీస్తే పోయినామె ఊరుకోదు. నాలుగేళ్లలో నాగరాణి దాన్ని ఒక్కనాడూ తీయలేదు. తలంటు పోసుకునేటప్పుడు కూడా, ఎవరో చూస్తున్నట్టు, చేత్తో కప్పుకుని పోసుకునేది.

ఆ బిళ్ళ ఒక ఆదివారం పొద్దున తీయాల్సి వచ్చింది.

కాలు మొద్దుబారడం, ఎడమకన్ను ముందర పొగ కమ్మినట్టుండడం, వారానికోసారి తల పగిలిపోవడం ఎండాకాలంనుంచే ఉన్నాయి. సూర్యాపేటలో కంటి డాక్టరు చూసి, కన్ను బాగానే ఉంది, సంగతి వెనకాల మెదడులో ఉన్నట్టుందని చీటీ రాసిచ్చాడు. హైదరాబాదులో ఒక పెద్ద దవాఖాన వాళ్లు తలనొప్పుల మీదా నరాల జబ్బుల మీదా పరిశోధన చేస్తూ, సూర్యాపేటలో ఒక స్కానింగ్ సెంటరును ఆదివారాలు కిరాయికి తీసుకున్నారు. ఎంపికైన వాళ్లకు పైసా తీసుకోకుండా, ఉత్తగనే, మెదడు ఫోటో తీస్తారు. ఆ ఉత్తగనే అన్న మాటకే సైదులు ఒప్పుకున్నాడు. రుక్కమ్మ, అంటే సైదులు తల్లి, అంత తేలిగ్గా ఒప్పుకోలేదు. ఫోటోలో ఏమీ కనబడకపోతే అమావాస్యకు హాలియా దగ్గరి మంత్రగాడి దగ్గరికి తోలుకపోవాలని కొడుకుతో మాట తీసుకుంది. ఆ మంత్రగాడు మిరపకాయల పొగ పెడతాడు. పొగలో ఆడది తనను పట్టిందెవరో పేరు చెప్పేదాకా తలుపు తీయడు.

కాబట్టి ఆ మధ్యాహ్నం స్కానింగ్ సెంటరు హాల్లో, చల్లటి గాలికి వణుకుతూ నాగరాణి కోరుకున్నది ఒకటే. తన తలలో ఏదో ఒక జబ్బు కనబడాలని. జబ్బు లేదంటే ఇంకా దేనికి బలి కావాలో ఆమెకు తెలుసు.

మిషను నడిపే పవన్ వచ్చి ఒంటిమీద ఇనుము, ఇత్తడి, వెండి, బంగారం ఏదీ ఉండొద్దన్నాడు. పుస్తెలు, కమ్మలు, ముక్కుపుల్ల, మెట్టెలు, అన్నీ తీయించాడు. మెడ బోసిగా ఉండొద్దని రుక్కమ్మ ఇంటి దగ్గరే పసుపుకొమ్ము దారానికి కట్టి తెచ్చింది. అది కోడలి మెడలో కట్టింది. సవతి బిళ్ళ పొద్దున కోడలికి జడేసేటప్పుడే విప్పి, తన రొండిన దోపుకుంటానని చెప్పింది. జడలో పిన్నులున్నాయా అని పవన్ అడిగితే లేవంది నాగరాణి. ఆమెకు తెలిసినంతలో లేవు.

బల్ల లోపలికి జరిగింది. ముఖం మీద పంజరం లాంటిది పెట్టారు. చెవుల్లో దూది. చేతిలో ఒక రబ్బరు బుగ్గ పెట్టి, భయమేస్తే నొక్కమన్నారు. బావి ఒరలో పడుకున్నట్టుంది. మెడ తేలిగ్గా ఉంది. నాలుగేళ్ల బరువు లేకపోవడం ఆమెకు హాయిగా అనిపించింది. హాయిగా అనిపించినందుకు భయమేసింది.

మోత మొదలైంది. రేకు మీద ఎవరో సుత్తితో కొడుతున్నారు. ఆ మోతలో, తలాపు దిక్కునుంచి ఎవరో ఆమె జడ పట్టుకుని గుంజారు.

మెల్లగా కాదు. కుదుళ్లు మంటపుట్టేలా గుంజారు, గుంజి పట్టుకునే ఉన్నారు. లోపల రెండో మనిషి పట్టేంత చోటు లేదని ఆమెకు తెలుసు. కాలువ నీళ్ల వాసన వచ్చినట్టయింది. ఏసుకుంట అక్కా, ఇంటికి పోంగనే మల్ల ఏసుకుంట, ఇడువు అని పెదవులు కదిలాయి. బుగ్గ నొక్కింది. నొక్కుతూనే ఉంది.

బయటికి లాగేసరికి ఆమె ఒళ్లంతా చెమట. జడ గుంజిందని చెప్పింది. ఎవరు గుంజిందీ చెప్పలేదు. ఆ పని రుక్కమ్మ చేసింది. తలుపు దగ్గరే చతికిలబడి, వచ్చింది నా తల్లి, మెడలకెళ్లి తీసినందుకు కోపమొచ్చింది అని చేతులు జోడించింది. హాల్లో ఉన్న తతిమ్మా తలనొప్పుల వాళ్లు కుర్చీలు దూరం జరుపుకున్నారు.

పరిశోధన చూసే డాక్టరు దీప కోదాడ పిల్ల. ఆమె ముఖం పాలిపోయి ఉంది, కానీ దయ్యానికి కాదు. తెరమీద సగం వచ్చిన ఫోటో చూపించింది. తల వెనక భాగమంతా నల్లగా, గొర్రెతల అంత మచ్చ. అక్కడ మెదడే లేనట్టుంది. సైదులు గోడకు ఆనుకున్నాడు. రుక్కమ్మ కొంగు నోట్లో కుక్కుకుని ఆ నలుపువైపే చూసి, గదే సుమలత అంది.

“జడ విప్పండి,” అంది దీప. “లోపల లోహం ఉంది. ఈ నలుపు దానిదే.”

“జడ ఇప్పొద్దు,” అంది రుక్కమ్మ.

ఆ మాట అనకుండా ఉంటే ఎవరికీ ఆమె మీద అనుమానం వచ్చేది కాదు. నాగరాణి అత్తవైపు చూసింది. చూసి, జడను భుజంమీంచి ముందుకు వేసుకుని తనే విప్పడం మొదలుపెట్టింది. కుదుళ్ల దగ్గర నల్లదారంతో వెంట్రుకల్లో కలిపి అల్లేసి ఉంది బిళ్ళ. ఒంటిమీదినుంచి పోకుండా ఉంటే చాలని పొద్దున రుక్కమ్మ చేసిన పని అది.

దీప పవన్‌ను కేకలేసింది. అడిగిన మేడం, లేవన్నది అని వాడన్నాడు. చేత్తో తడిమి చూడొద్దా, అది ఊడి కంటికి తగిలితే ఎవరిది బాధ్యత అని ఆమె అంది. అంతలో సైదులు బిళ్ళ అందుకుని, వెండిని మిషను గుంజుతదా అని అడిగాడు. గుంజదన్నాడు పవన్. గోడకున్న బోర్డు మీది అయస్కాంతం తీసి బిళ్ళకు ఆనించాడు. టక్కున అతుక్కుంది.

ఆ బిళ్ళను రుక్కమ్మ మిర్యాలగూడలో వెండి దుకాణంలో చేయించింది. రెండు పొట్టేళ్లు అమ్మి చేయించింది. పైన పూత, లోపల ఇనుము. రుక్కమ్మ బిళ్ళను తీసుకుని కొంగుతో రుద్దింది. రుద్దుతూ కొడుకువైపు చూడలేదు. ఆ దుకాణం సేటు కొట్లో దేవుడి పటం ఎంత పెద్దదో ఇంటికొచ్చి పదిమందికి చెప్పింది కూడా ఆమే.

జడ వదిలేసి, జుట్టు విరబోసుకుని నాగరాణి మళ్లీ లోపలికి పోయింది. ఈసారి మోత మోతలాగే ఉంది. ఎవరూ గుంజలేదు. ఆ ఖాళీలో పడుకుని ఆమె ఏడ్చింది. తల కదపొద్దన్నారు గనక కదపకుండా ఏడ్చింది.

సాయంత్రానికి దీప ముగ్గుర్నీ తెర ముందు కూచోబెట్టింది. మెదడులో అక్కడక్కడా జొన్నగింజల్లాంటి తెల్లమచ్చలు.

“తలనొప్పి బాగా వచ్చేవాళ్లకీ ఇట్లాంటి మచ్చలు ఉంటాయి. నరాల మీది పొర తినేసే జబ్బు వాళ్లకీ ఉంటాయి. మల్టిపుల్ స్క్లెరోసిస్ అంటాం దాన్ని. పైకి ఒకే తీరు కనపడతాయి. అందుకే ఒకరి మందు ఇంకొకరికి పోతోంది. మేము చూసేది, మచ్చ నడుమనుంచి సన్న రక్తనాళం పోతోందా లేదా అని. ఆకుకు ఈనె ఉంటుంది చూడండి, అట్లా.”

ఒక మచ్చను పెద్దది చేసింది. తెలుపు నడుమ వెంట్రుకంత నల్లగీత. ఇంకోటి చేసింది. దాంట్లోనూ ఉంది. చాలా వాటిల్లో ఉందని చెప్పింది. ఈ ఒక్క ఫోటోతో తేల్చలేననీ, హైదరాబాదు వచ్చి వెన్నులో నీళ్లు తీసి చూడాలనీ, అయితే చాలావరకు ఆ రెండో జబ్బేననీ చెప్పింది. పూర్తిగా పోయే జబ్బు కాదు, ముదరకుండా ఆపే మందులున్నాయి. ఖరీదైనవి. దవాఖానలో ఇప్పించే దారి చూస్తాను గానీ మాట ఇవ్వలేనంది. ఆలస్యమైతే పోయిన చూపు, పోయిన కాలు తిరిగి రాకపోవచ్చంది.

సైదులు అడిగాడు. “ఉత్త తలనొప్పి అయితే మేడం? అది ఎట్లుంటది?”

“ఒకపక్క పోటు, వాంతులు. వెలుతురు చూడలేరు, చప్పుడు ఓర్వలేరు. చీకట్లో పడుకుంటే కాస్త నయం. దానికి మాత్రలున్నాయి. మన సూర్యాపేటలోనే దొరుకుతాయి.”

“మా మొదటామె గట్లనే పండేది,” అన్నాడు సైదులు. “గొర్ల కొట్టంల, తడిగుడ్డ మొఖమ్మీద ఏసుకొని. పనిదొంగ అనుకున్నం. తర్వాత గాలి సోకిందనుకున్నం. హాలియా తోలుకపోతే పొగల పెట్టిండు. మల్లొచ్చేటప్పుడు కాలువగట్టు మీద బండి ఆపుమన్నది. కక్కుకుంటదేమో అనుకున్న. ఎనక్కి తిరిగి సూసేసరికి లేదు.”

దీప తెర ఆపేసింది.

నాగరాణి మొగుడివైపు చూడలేదు. ఇన్నేళ్లూ రాత్రిపూట వాకిట్లోకి వెళ్లాలంటే ఎవరికి భయపడిందో, కొత్త చీర మొదట ఎవరికి చూపించిందో, ఆ మనిషి ఇప్పుడు ఆమె కళ్లముందు గొర్ల కొట్టంలో తడిగుడ్డ కింద పడుకుని ఉంది. ఎవరినీ గుంజేంత ఓపిక ఆ మనిషికి లేదు.

బయట మెట్ల మీదికి వచ్చారు. బస్సుకు ఇంకా టైముంది. రుక్కమ్మ కొంగు ముడి విప్పి, కోడలి పుస్తెలూ కమ్మలూ ఒక్కొక్కటే ఇచ్చింది. నాగరాణి పెట్టుకుంది. చివరికి బిళ్ళ తీసి అరచేతిలో పెట్టి చాపింది. ముసలామె భయం నటన కాదు.

“హైదరాబాదన్న పో, యాడికన్న పో, నేను అడ్డం రాను. అమావాస్య మాట గూడ ఎత్త. ఇది మాత్రం మెడలేసుకో పిల్లా. ఇనుమైతే ఏంది, మొక్కినం గద, ఆమె దీంట్లనే ఉన్నది. ఏసుకోకుంటే ఊకోదు.”

సైదులు తల్లినీ పెళ్లాన్నీ చూసి, రోడ్డువైపు తిరిగాడు.

“తలకాయ పలుగుతున్నదని ఆమె మొత్తుకున్ననాడు నువ్వేడున్నవ్ అత్తా?” అంది నాగరాణి. “నాకొద్దు. నీ మెడలేసుకో.”