ఏడేళ్ల విస్కీ, నాలుగు నెలల నల్ల బీరు

నేను ఒక పీపాను. నాలో ఏడేళ్లున్న విస్కీని ఒక మంగళవారం మధ్యాహ్నం పంపు పెట్టి లాగేశారు. నన్ను ఎవరూ అడగలేదు. అది తప్పు. దీని మీద వాదన అక్కర్లేదు. జరిగింది జరిగినట్టు చెబుతున్నాను.

మీరు విస్కీని ‘అది’ అంటారు. నేను ‘ఆమె’ అంటాను. ఏడేళ్లు కలిసి ఉన్నవాడికి ఆ మాత్రం హక్కుంది.

నా చెక్క మంచు పడే దేశానిది. ఓక్ చెట్టు. చెట్టుగా ఉన్నప్పటి సంగతులు పెద్దగా గుర్తు లేవు. అప్పుడు నాలో ఎవరూ లేరు. లోపల ఎవరూ లేని రోజులను నేను బతుకు కింద లెక్కవేయను. నరికారు, పలకలుగా కోశారు, కట్టలు కట్టి ఓడ ఎక్కించారు. మంజీరా ఒడ్డున ఒక విస్కీ ఫ్యాక్టరీలో దిగాను.

అక్కడ నన్ను పీపాగా చేసినవాడు నాంపల్లి. వడ్రంగం చేసే వడ్లవాళ్ల ఇంట్లో పుట్టిన మనిషి. ఎడ్లబండ్లు పోయి చక్రాల పని పోయాక పీపాల పనిలో చేరాడు. చక్రానికి ఇనుప పట్టా ఎక్కించిన చేతులు కనుక పీపాకు పట్టీ ఎక్కించడం అతనికి ఎవరూ నేర్పనక్కర్లేకపోయింది. పలకలన్నీ గుండ్రంగా నిలబెట్టి, పట్టీ బిగించి, లోపల మంట పెట్టాడు. గోడలు బొగ్గయ్యేదాకా కాల్చాడు. అలా కాల్చకపోతే విస్కీకి రంగూ రుచీ రావట. పెళ్లికొడుక్కి నలుగు పెడతారు. నాకు నిప్పు పెట్టారు.

పలకకూ పలకకూ నడుమ సందు ఉంటే అందులో జమ్ము పెడతారు. కుంటల్లో నిలువెత్తు పెరిగే ఆకు అది. నీడన ఎండబెట్టి, సన్నగా చీల్చి, సందులో ఇరికిస్తే, తడి తగలగానే ఉబ్బి సందు మూసేస్తుంది. జిగురు పనికిరాదు. మేకు పనికిరాదు. ఆ జమ్ము కోసి తెచ్చేది నాంపల్లి భార్య కొమురవ్వ. సద్దిగిన్నెతో పాటు జమ్ము కట్ట నెత్తిన పెట్టుకొని వచ్చేది. వచ్చినప్పటినుంచి మాట ఆపేది కాదు.

“గంత మందం పెడ్తున్నవ్, ఏనుగుకు ముకుతాడు చేస్తున్నవా?”

“జర ఊకుంటవా?”

“నేను ఊకుంటే నీ పీపా కారుతది. జరుగు.”

నాంపల్లి జరిగేవాడు. అతని బొటనవేలు మొద్దు. ఆమెది సన్నం. నా మూత పలకల నడుమ జమ్ము పోగును ఆమే నొక్కింది. ఆ వేలికి ఉల్లిగడ్డ వాసన ఉంది. నాకు తగిలిన మొదటి మెత్తటి చెయ్యి అది.

తర్వాత విస్కీ వచ్చింది. వచ్చినప్పుడు ఆమె నీళ్లలా తెల్లగా ఉంది. మహా కోపిష్ఠి. తగిలినచోటల్లా మండించింది. మొదటి ఎండాకాలం వేడికి పొంగి నా చెక్కలోకి వచ్చింది. చలికాలం వెనక్కి వెళ్లింది. వెళ్లేటప్పుడు నా రంగు కొంత పట్టుకెళ్లింది, తనది కొంత నా దగ్గర వదిలింది. మరుసటి ఏడూ అంతే. ఆ తర్వాతా అంతే. సంసారమంటే ఇంతకంటే వేరే ఉంటుందేమో నాకు తెలియదు.

ప్రతి వేసవిలోనూ ఆమె కొంత ఆవిరైపోయేది. నాంపల్లి నెలకోసారి వచ్చి కొయ్య సుత్తితో నా కడుపు మీద తట్టి, చప్పుడు విని, లోపల ఎంత మిగిలిందో చెప్పేవాడు. ఐదో ఏడు ఒక రోజు వచ్చాడు. సుత్తి ఎత్తలేదు. నా మీద చెయ్యి వేసి కాసేపు నిలబడి వెళ్లిపోయాడు. కొమురవ్వ జ్వరంతో పోయిందని నేల ఊడ్చేవాళ్లు మాట్లాడుకుంటే విన్నాను. తర్వాతి నెల అతను పని మానేశాడు. నాకు జాలి కలిగింది. కానీ ఎక్కువ కాదు. అప్పటికి నా ఇల్లు నిండుగానే ఉంది.

ఏడో ఏడు పంపు వచ్చింది. నా దగ్గరనుంచి వెళ్లేటప్పుడు ఆమె తేనెరంగులో ఉంది. ఆ రంగు నాది. ఆ శాంతం కూడా నేను నేర్పిందే. ఆమెను సీసాల్లో పోసి, సీసాల మీద ఫ్యాక్టరీ పేరు అంటించారు.

చెక్కలో నానిన కొంచెం మాత్రం నాతో మిగిలింది. పంపుకు అది అందలేదు. ఇకముందు నేను చెప్పేదంతా ఆ కొంచెం గురించే.

నన్ను హైదరాబాదు పొలిమేరలో, శంకరపల్లి దారిలో, బీరు కాచే చిన్న కార్ఖానాకు అమ్మారు. యజమాని కేదార్. కాచే మనిషి మైథిలి, ముప్పై దాటిన అమ్మాయి. బార్లీని మాడబెట్టి చేసే నల్ల బీరు ఒకటుంది, స్టౌట్ అంటారు. దాన్ని అంతకుముందు విస్కీ ఉన్న పీపాలో నెలల తరబడి ఉంచితే చెక్కలోని విస్కీ బీరులోకి దిగుతుంది. అప్పుడు రుచి వేరట. అంటే నా దగ్గర మిగిలిన ఆ కొంచెం కూడా తీసుకోవడానికే నన్ను కొన్నారు. మనుషులు మిగిలింది చూస్తే ఆగలేరు.

నేను దిగిన రోజు మైథిలి ఊళ్లో లేదు. కార్ఖానా కడిగి శుభ్రం చేసే బాలమణి ఉంది. ఆమె నా బిరడా తీసి వాసన చూసింది. కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది. యాభై వేసవులు మామిడికాయ తొక్కు పెట్టిన ఇంటి మనిషి. జాడీని ఏం చేస్తారో నన్నూ అదే చేసింది. మసిలే నీళ్లు పోసి రెండుసార్లు కడిగింది. బిరడా తీసిపెట్టి మే నెల ఎండలో మూడు రోజులు ఉంచింది. నాలోంచి కారిన గోధుమరంగు నీళ్లు మురుగుకాలువలో కలిశాయి. ఆ నీళ్లలో ఎవరున్నారో ఆమెకు తెలియదు. తెలియకపోవడం వేరు, క్షమించడం వేరు.

నాలుగో రోజు మైథిలి వచ్చి తల పట్టుకుంది.

“అయ్యో బాలమణక్కా! ఆ వాసన కోసమే కదా తెచ్చింది!”

“వాసనొచ్చే దాంట్ల ఎవలన్న పోస్తరా మేడమ్? కడగని జాడీల తొక్కు పెడ్తరా?”

“ఇది జాడీ కాదు.”

“మూతున్నది, కడుపున్నది. ఇంకేం గావాలె జాడీకి?”

మైథిలి నా బిరడా రంధ్రానికి ముక్కు ఆనించింది. చాలాసేపు అలాగే ఉంది. “ఉంది. లోపల ఇంకా ఉంది” అంది. నా గుట్టు బయటపడింది.

నాలో నీళ్లు నింపి చూశారు. ఎండకు ముడుచుకున్న పలకలు రెండు రోజుల్లో ఉబ్బి కలుసుకున్నాయి. మూత దగ్గర మాత్రం కారుతూనే ఉంది. కొమురవ్వ పెట్టిన జమ్ము ఆ ఎండకు పొడి అయిపోయింది. కారుతున్నందుకు నేను సిగ్గుపడలేదు. కారే పీపాలో బీరు పోయరు. పోయకపోతే ఆ కొంచెం నాదే. కేదార్ వచ్చి చూసి, “కారడం ఆగకపోతే రెండు ముక్కలు కోసి పూలకుండీలు చేద్దాం” అన్నాడు. నాకు సమ్మతమే అనిపించింది.

మైథిలి మాత్రం ఊరుకోలేదు. నా మూత మీద ఉలితో చెక్కిన చిన్న బండిచక్రం గుర్తు ఉంది. అది ఎవరిదని ఫ్యాక్టరీకి ఫోన్ చేసి కనుక్కుంది. వారం తిరగకముందే నాంపల్లి వచ్చాడు. చిక్కిపోయాడు. గడ్డం మాసింది. నన్ను చూడగానే గుర్తుపట్టాడు. మూత సందులో గోరు పెట్టి గీరాడు. వేలి మీద పొడి రాలింది. దాన్ని ఊదలేదు. రెండు వేళ్ల నడుమ నలిపి చూసుకున్నాడు.

“జమ్ము వోయింది.”

“కొత్తది పెట్టు పెద్దయ్యా.”

“లేదు.”

“ఎక్కడ దొరుకుతది?”

“దొరకది.”

మైథిలి ఒత్తిడి చేయలేదు. అతని పక్కన బోర్లించిన డబ్బా మీద కూర్చుంది.

“ఇట్లా ఖాళీగా ఉంచితే ఈ వాసన ఎన్ని రోజులుంటది పెద్దయ్యా?”

“నెల. మస్తంటే రెండు నెలలు.”

“ఆ తర్వాత?”

“ఉత్త కట్టె.”

“అయితే పోసినా పోతది, పోయకున్నా పోతది” అంది మైథిలి. “పోస్తే నలుగురి నాలుక మీద పడి పోతది.”

నాంపల్లి లేచి, కండువా దులుపుకొని వెళ్లిపోయాడు. నెల అన్నాడు. కారుతూ కూర్చుంటే ఆమె నా దగ్గరే ఉంటుందనుకున్నాను. నెలకే అయిపోతుందని నాకు ఎవరూ చెప్పలేదు.

మూడో రోజు అతను బస్సు దిగి వచ్చాడు. చంకలో పాత చీరముక్కలో చుట్టిన పొడుగాటి కట్ట ఉంది. బాలమణి అడ్డం వెళ్లింది.

“జమ్మా? లేదంటివి గద కాకా?”

“ఉండె.”

“మరి లేదని ఎందుకన్నవ్?”

“ఉండె గనకనే.”

కట్ట విప్పాడు. కొమురవ్వ చివరిసారి కోసిన జమ్ము అది. ఇంటి దూలానికి వేలాడుతూ ఉన్నచోటే ఉండిపోయింది. అతను ముట్టలేదట, ఎవరినీ ముట్టనివ్వలేదట. విప్పి చూస్తే సగానికి పైగా పురుగు తిన్నది. ఆకు పట్టుకుంటే చేతిలో పొడి అయింది. అతను ఒక్కొక్కటే ఎత్తి వెలుతురుకు పట్టి చూశాడు. నాలుగు ఆకులు బాగున్నాయి. వాటిని తడిపి, చీల్చి, నా మూత విప్పి సందులో పెట్టబోయాడు. పోలేదు. ఆ మొద్దు వేలితో రెండోసారి నొక్కాడు. పోగు మడతపడింది.

“జరుగు” అంది బాలమణి.

ఆ మాట విని అతను వెంటనే జరగలేదు. ఆమె ముఖం వంక చూశాడు. తర్వాత జరిగాడు. బాలమణి బొటనవేలితో ఈ కొస నుంచి ఆ కొస దాకా నొక్కింది. అతను పట్టీ ఎక్కించి సుత్తితో బిగించాడు. నీళ్లు పోశారు. ఒక్క చుక్క కారలేదు.

నాంపల్లిని నేను క్షమించలేదు. తన దగ్గరున్నది తెచ్చి ఇచ్చాడు, సరే. నాది కూడా ఇప్పించాడు. ఆ రెండోది అతను చేయవలసిన పని కాదు.

నల్ల బీరు చల్లగా, చిక్కగా వచ్చింది. చెడ్డదని అనను. ఎవరింట్లో అడుగుపెట్టిందో తెలిసినట్టు మెల్లగా మసలింది. నేను పలకరించలేదు. చెక్క రంధ్రాలు మూసుకుందామని చూశాను. చెక్కకు అది చేతకాదు. నాలుగు నెలల్లో అది నా లోపలి పొరలన్నీ వెతికి, ఉన్నదంతా తనలోకి తీసుకుంది. నేను తేలికైపోవడం నాకే తెలిసింది.

అక్టోబరులో ఒక మధ్యాహ్నం రుచి చూశారు. నా ముందే బల్ల వేసి నాలుగు గ్లాసులు పెట్టారు. కేదార్, మైథిలి, బాలమణి, పిలిస్తే వచ్చిన నాంపల్లి. నేను చెవులన్నీ అటే పెట్టాను. ఎందుకో చెబుతాను. ఏడేళ్లు ఆమెను మోశాను. ఆమె వేడి తెలుసు, బరువు తెలుసు, కోపం తెలుసు. రుచి తెలియదు. పీపాకు నాలుక లేదు. ఆమె రుచి ఎలా ఉంటుందో ఒక మనిషి నోట వినడానికి నాకు దొరికిన రోజు అదొక్కటే.

గ్లాసులో బీరు వెలుతురును దాటనివ్వనంత నల్లగా ఉంది. మీద పాలెక్కువ వేసిన చాయ్ రంగు నురుగు. కేదార్ పెద్ద గుటక వేశాడు.

“మొదట కాఫీ. చక్కెర వెయ్యనిది. తర్వాత తాటిబెల్లం పాకం.”

“అడుగంటిన పాయసం లెక్కున్నది సారూ” అంది బాలమణి. “గిన్నె తోమేటప్పుడు గోకి నాకుతం సూడు, గా మాడు.”

“మాడు అని సీసా మీద రాయలేం బాలమణీ.”

“రాయకుండ్రి. ఉన్నది గదే.”

మైథిలి నోట్లో నిలిపి, మెల్లగా మింగి, పుస్తకంలో రాసుకుంటూ చదివింది. ఖర్జూరం. కాల్చిన ఎండు కొబ్బరి. వెనిలా. కాఫీ, మాడు వాళ్ల బార్లీవి. కొబ్బరి, వెనిలా నా చెక్కవి, నాంపల్లి పెట్టిన మంటవి. నేను ఎదురుచూస్తున్నది వేరు.

“మింగినాక ఇక్కడ వెచ్చగైతది” అంది మైథిలి, గుండె మీద చెయ్యి పెట్టుకొని. “కోపంగా మొదలైతది. కొంచెంసేపటికి తేనె లెక్క చల్లబడతది. పోనే పోదు.”

ఆమే, నా విస్కీ. చెప్పింది. ఒక్క ముక్క పొల్లు పోకుండా మైథిలి చెప్పింది.

“చివర ఇంకేదో ఉంది, తెలుస్తలేదు” అని మైథిలి మళ్లీ గుటక వేసింది. “తడిసిన చాప? వానపడ్డ కుంట ఒడ్డు? నువ్వు చూడు పెద్దయ్యా.”

భార్య పోయిన నాటినుంచి నాంపల్లి మందు ముట్టలేదు. గ్లాసు ఎత్తాడు. నోట్లో పోసుకొని చాలాసేపు మింగలేదు.

“ఏమున్నది?”

“బీరున్నది.”

కేదార్ పకపకా నవ్వాడు. బాలమణి నవ్వలేదు. తన బొటనవేలు చూసుకుంది. నాంపల్లి మిగిలిందంతా తాగేసి ఖాళీ గ్లాసు ముందుకు జరిపాడు.

“ఇంకింత పొయ్యి బిడ్డా.”

మైథిలి పోసింది. అతను దాన్ని రెండు చేతులతో పట్టుకొని బస్సు వేళ దాకా కూర్చున్నాడు. అతనిది అతనికి దొరికింది. నాది కూడా అదే గ్లాసులో ఉంది. అడుగు దూరంలో ఉంది. నేను అక్కడే ఉన్నాను.

రెండోసారి నాలో బీరు పోశారు. దానికి కాఫీ రుచి తప్ప ఏమీ రాలేదని కేదార్ పెదవి విరిచాడు. ఆ వారమే రంపం తెచ్చారు. ఇప్పుడు నేను గేటుకు ఇటొక సగం, అటొక సగం. నిండా మట్టి, మట్టిలో చేమంతులు. పొద్దున్నే బాలమణి నీళ్లు పోస్తుంది. జమ్ము పెట్టిన మూత ఇటువైపు సగానికి అడుగుగా ఉంది. ఆ సందులోంచి ఇప్పటికీ చుక్క కారదు. మట్టిలో నీళ్లు నిలుస్తున్నాయని, అడుగున తూటు పెట్టమని కేదార్ రెండుసార్లు చెప్పాడు. బాలమణి వినలేదు.

గేటు దగ్గర ఆగినవాళ్లు నన్ను తట్టి, విస్కీ పీపా అటగా, ఆ విస్కీ ఎట్లా ఉండేదో అంటారు. ఎలా ఉండేదో నాకు ఒక్కరు చెప్పారు, ఒక్కసారి. నేను మీకు ఒక్కసారి చెప్పాను. ఇక ఎవరు తట్టినా ఆ మాట ఎత్తను.